లాంగ్వేజి – టంగ్ : ప్రయోగభేదవిచారము

ఆంగ్లమునందు మానవుల వాగ్వ్యవహారమును దెలుపు పదములలో ‘లాంగ్వేజి’, ‘టంగ్’ అను రెండును ముఖ్యములు. నిఘంటువులు వీనిని పర్యాయములుగా జూపును. తెలుగు పాఠశాలలలో రెంటికిని ‘భాష’ యనియే యర్థము చెప్పుచున్నారు. అర్థమొక్కటియే యైనచో నొకదాని స్థానమున రెండవదానిని నిలుపవచ్చును. అట్లు నిలుప వీలుకాని తావులు పెక్కులు గలవు. ఆ తావులను పరిశీలించినచో రెండు పదముల హద్దులు స్పష్టపడును; ఆ హద్దు నెఱుగకపోవుటచే తెలుగున గలుగుచున్న చిక్కును దెలియవచ్చును.

మొదట నొక లోకవ్యవహారమును జూతము. గోదావరీ ప్రాంతమునందలి మండపేటలో జనగణనోద్యోగి యొక గృహస్థుని ‘మీ మాతృభాష యేది?’ యని యడుగును. ‘తెలుగండి’ యని యాతడు బదులు చెప్పును. ప్రశ్నయు సులభము, సమాధానమును సులభము. కాని యా ప్రశ్నకు మూలమైన యాంగ్లపదము ‘మదర్ టంగ్’. అట్లు వచ్చిన సమాధానములను వర్గములుగా గూర్చునపుడు వాడు శీర్షిక ‘లాంగ్వేజి’. 2011వ సంవత్సరపు జనగణనలో ప్రజలు తమ మాతృభాషలని చెప్పిన పేళ్లు 19,569. వానిని పరిశోధించి, రూపభేదములను సరిచూచి, 1,369 మాతృభాషలుగా నిర్ణయించిరి. వర్గీకరింప వీలుకాని పేళ్లను వేఱుగా నుంచిరి. పిమ్మట పదివేలకు తక్కువగాని జనసంఖ్యగల వానిని 121 భాషలుగా గూర్చిరి. తెలుగు శీర్షిక క్రింద లెక్కకు వచ్చినవారు 8,11,27,740 మంది. ఆ శీర్షికలోనే ‘వడరి’ యని చెప్పుకొన్నవారును జేరిరి. ఐదుకోట్లకు పైబడిన భోజపురీజనులు హిందీ శీర్షిక క్రింద జేరిరి. అనగా భోజపురి ‘మదర్ టంగ్’ అయ్యెను, ‘లాంగ్వేజి’ కాలేదు. తెలుగులో నీ వాక్యమును జెప్పబూనినచో ‘భోజపురి మాతృభాషయే కాని భాష కాదు’ అనవలసివచ్చును. వినువాడు నవ్వును. ఆంగ్లమున వ్యాఘాతములేని వాక్యము తెలుగున వ్యాఘాతమగుటకు గారణమేమి? రెండు పదముల కొకే పదమును వాడుటయే.

ఇక వ్యుత్పత్తిని విచారింతము. ‘టంగ్’ ఇంగ్లీషువారి స్వంతపదము. దానికి వాచ్యార్థము నాలుక. ‘లాంగ్వేజి’ ఫ్రెంచిద్వారమున వచ్చినది. దానికి మూలము లాటినునందలి ‘లింగ్వా’. లింగ్వాకును వాచ్యార్థము నాలుకయే. ఇది పూర్వము ‘దింగ్వా’ యని యుండెననియు, ‘టంగ్’ శబ్దమునకును దీనికిని మూలమొక్కటియే యనియు భాషాతత్త్వవేత్తలు నిర్ణయించిరి. సంస్కృతమునందలి ‘జిహ్వా’ శబ్దమును వారా కుటుంబముననే చేర్తురు. వర్ణపరిణామము మాత్రము పూర్తిగా నియమబద్ధము గాదు. కాబట్టి వ్యుత్పత్తిచే నీ రెండు పదములకును భేదము లేదు. ఒకటి యింటనే పెరిగిన బిడ్డ, మఱొకటి పరదేశమున జదువుకొని తిరిగివచ్చిన బిడ్డ. భేదమంతయు రూఢిచే గలిగినది. కావున ప్రయోగమే ప్రమాణము.

ప్రయోగములలో మొదటిది సంకేతవ్యవస్థను దెలుపు తావు. బధిరులు చేతులతో జేయు వ్యవహారము ‘సైన్ లాంగ్వేజి’. గణకయంత్రములకు వ్రాయు సంకేతములు ‘ప్రోగ్రామింగ్ లాంగ్వేజి’. శరీరభంగిమలచే దెలియు భావము ‘బాడీ లాంగ్వేజి’. ఇందెచ్చటను ‘టంగ్’ నిలువదు. నాలుకతో బనిలేని చోట నాలుకపేరు చెల్లదని యింగ్లీషువారి మనస్సు నేటికిని మఱవలేదు. ‘లాంగ్వేజి’ శబ్దమునందును నాలుక దాగియున్నను, అది లాటినుపేరగుటచే వారికి గనబడదు. సంస్కృతమున రూఢిపదములు యోగార్థమును విడిచి సంచరించునట్లే యిదియు సంచరించును.

రెండవది రాజ్యసంబంధమైన తావు. ‘అఫీషియల్ లాంగ్వేజి’ యందురు. ‘అఫీషియల్ టంగ్’ అనరు. 2008లో కేంద్రప్రభుత్వము తెలుగునకు గల్పించిన ప్రతిపత్తి ‘క్లాసికల్ లాంగ్వేజి’. వ్యాకరణము, నిఘంటువు, వాఙ్మయము, అధికారము — వీనితో గూడినపుడు ‘లాంగ్వేజి’ యే తగును.

మూడవది జన్మగృహసంబంధమైన తావు. ‘మదర్ టంగ్’, ‘నేటివ్ టంగ్’ అనునవి సహజములు. ‘మదర్ లాంగ్వేజి’ యనునది యరుదు. యునెస్కో 1999లో నిర్ణయించి 2000 నుండి ఫిబ్రవరి 21వ తేదిన జరుపుచున్న యుత్సవదినమునకు మాత్ర మా యరుదైన పేరే పెట్టిరి. ఆ దినము 1952లో ఢాకానగరమున బంగాళీకై ప్రాణములర్పించినవారి సంస్మరణదినము. వంగీయుల ‘మాతృభాషా’ సమాసమున కా పేరు ప్రతిపదానువాదమువలె నున్నది. ఇట్లు భారతీయసమాసచ్ఛాయ యాంగ్లమునందును బ్రవేశించుట గమనింపదగినది.

నాలుగవది దోషమును జెప్పు తావు. ‘బ్యాడ్ లాంగ్వేజి’ యనగా పలికిన పలుకులు చెడ్డవి, బూతులు. ‘షార్ప్ టంగ్’ అనగా పలుకువాని స్వభావము కఠినము. మొదటిదానిలో దోషము శబ్దమునకు, రెండవదానిలో బురుషునకు. ఒకడు సభ్యమైన పదములతోనే మనసు విఱుగగొట్టవచ్చును. అట్టివానికి ‘షార్ప్ టంగ్’ కలదందురు గాని ‘బ్యాడ్ లాంగ్వేజి’ కలదనరు. పొరబాటున నొకమాటకు బదులుగా వేఱొకమాట వచ్చుటను ‘స్లిప్ ఆఫ్ ది టంగ్’ అందురు. వానికి భాష తెలియకకాదు, నోరు జాఱినది.

వీని నెల్ల నొకచో గూర్చినచో నిట్లు తేలును. ‘లాంగ్వేజి’ పలుకువానినుండి విడదీసి చూడదగిన వ్యవస్థ. దానిని నేర్వవచ్చును, వ్రాయవచ్చును, శాసింపవచ్చును. పలుకువాడొక్కడును మిగులకున్నను అది గ్రంథములలో నుండవచ్చును. ‘టంగ్’ పలుకువానిని విడిచి యుండజాలదు. అది యొకరి నాలుక, ఒక యింటివారి నాలుక, ఒక సీమవారి నాలుక.

ఈ విభాగము స్వభావసిద్ధము గాదు, ఆయా జాతుల వాడుకచే నేర్పడినది. ఫ్రెంచివారికి ‘లాంగ్’ అనునదియే నాలుకకును భాషావ్యవస్థకును బేరు. ఫెర్డినాం ద సోస్యూర్ (1857–1913) ఆ పదమును వ్యవస్థకు నియమించి, వ్యక్తి పలుకునకు ‘పరోల్’ అను వేఱుపదమును గ్రహించెను. ఆతని యుపన్యాసములు మరణానంతరము 1916లో గ్రంథరూపమున వెలువడినవి. ఆతడు సంస్కృతమునందలి యనాదరషష్ఠిని గుఱించి సిద్ధాంతవ్యాసము వ్రాసినవాడు, సంస్కృతవ్యాకరణపరిచయము గలవాడు. ఆంగ్లమున నాలుకపేరు వ్యక్తిపక్షమును జేరగా, ఫ్రెంచిలో వ్యవస్థాపక్షమును జేరినది. పేరు ప్రధానము గాదు, విభాగము ప్రధానము.

భారతరాజ్యాంగమునందీ విభాగము చక్కగా బాటింపబడినది. 19వ యధికరణమున వ్యక్తికి గల స్వాతంత్ర్యమును జెప్పునపుడు ‘స్పీచి’ యని యున్నది. 343వ యధికరణమున రాజ్యవ్యవహారమును జెప్పునపుడు ‘లాంగ్వేజి’ యని యున్నది. ఎనిమిదవ పరిచ్ఛేదమునకు బేరును ‘లాంగ్వేజెస్’ అనియే. 1956లో నేడవ సవరణచే జేరిన 350-ఏ యధికరణమున, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్య దేనియందు గఱపవలెనో చెప్పునపుడు ‘మదర్ టంగ్’ అని యున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు శాసనమునందును బోధనమాధ్యమమును జెప్పు తావున ‘మదర్ టంగ్’ అనియే యున్నది. వ్యక్తికి స్పీచి, రాజ్యమునకు లాంగ్వేజి, బిడ్డకు టంగ్. తెలుగున మొదటిదానికి ‘వాక్’ శబ్దమును వాడి భేదము నిలుపుకొన్నాము. తక్కిన రెంటికిని ‘భాష’ యనియే వాడి భేదమును బోగొట్టుకొన్నాము.

సంస్కృతమున నీ విషయమెట్లున్నదో విచారింతము. ధాతుపాఠమున భాషధాతువునకు వ్యక్తమైన పలుకు అర్థముగా జెప్పబడినది. పాణిని ‘భాషాయామ్’ అని కొన్ని సూత్రములలో ననెను. దానికి ప్రతియోగి ‘ఛందసి’. వేదమునందు గాక లోకమున శిష్టులు మాటలాడునది యని దాని భావము. అనగా నాటి భాష నోటిలోనున్న భాష. కాలక్రమమున నా నోటిపలుకే శాస్త్రబద్ధమై గ్రంథస్థమై సంస్కృతమని ప్రసిద్ధికెక్కెను. ‘భాష’ శబ్దము నోటినుండి గ్రంథమునకు నడచెను. ‘లింగ్వా’ యును నట్లే నడచెను. ఇక జిహ్వాశబ్దము. వైదికనిఘంటువు వాక్కునకు 57 పేళ్లు చెప్పుచు జిహ్వను వానిలో జేర్చినది. అమరసింహుడు మాత్రము వాగ్వర్గమున జిహ్వను జెప్పక, శరీరావయవములలో రుచిసంబంధమైన రసజ్ఞా, రసనా శబ్దములతో గూర్చెను. వైదికకాలమున వాక్కునకును బేరైన జిహ్వ లౌకికమున రుచికే పరిమితమయ్యెను. ‘టంగ్’ శబ్దమునకు సంస్కృతమున సమానముగా నిలువదగిన పద మట్లు జాఱిపోయినది.

తెలుగున నాలుకకు వాక్సంబంధము లేకపోలేదు. నాలుక కఱచుకొనుట, నాలుక తిరుగకపోవుట, రెండునాల్కల ధోరణి మొదలగు నుడికారములు గలవు. అయినను వాక్కునకు బ్రధానస్థానము నోరు. నోరు జాఱుట, నోరు పారవేసికొనుట, నోరు మెదపకుండుట, నోరుగలవాడు, నోరులేనివాడు — ఇవన్నియు ‘టంగ్’ శబ్దపు గార్యమును జేయును. కాని నాలుకయు నోరును భాషానామములతో గలియవు. ‘తెలుగు నాలుక’ యన్నచో నొక యవయవమే తోచును. ఉర్దూలో నట్లు గాదు. అచ్చట ‘జబాన్’ శబ్దము నాలుకకును, భాషకును, ఇచ్చిన మాటకును జెల్లును. మాతృభాష ‘మాదరీ జబాన్’. తెలుగువారా మూడర్థములను మూడు పదములకు బంచియిచ్చిరి: నాలుక, భాష, బాస.

ఈ ‘బాస’ ‘భాష’ కు దద్భవము. తద్భవమునకు దెలుగున రెండర్థములు గలవు. భాషయని యొకటి, ప్రతిజ్ఞయని రెండవది. బాసచేయుట, బాస తప్పుట యను చోట్ల రెండవయర్థమే. ‘వాడు భాష తప్పినాడు’ అన్నచో వ్యాకరణదోషము; ‘బాస తప్పినాడు’ అన్నచో ధర్మదోషము. ఒకే శబ్దము తత్సమమై వ్యవస్థను జేరి, తద్భవమై పలుకువానికి గట్టుబడినది. వ్యక్తిని బట్టియుండు పలుకును వ్యవస్థనుండి వేఱుచేయవలయునను నెఱుక తెలుగువారికి సహజముగనే కలదని దీనివలన దెలియుచున్నది. ‘మాట’ యును నట్టిదే: మాట యిచ్చుట, మాట పడుట, మాట పడిపోవుట. వాతరోగిని జూచి ‘మాట పడిపోయినది’ యందురు గాని ‘భాష పడిపోయినది’ యని యెవ్వరు ననరు.

ఇట్టి యెఱుకగలవారికి చిక్కెచ్చట వచ్చినది? ‘మాతృభాష’ యను సమాసమున వచ్చినది. ఇది ‘మదర్ టంగ్’ అనుదానికి సమముగా వ్యాపించిన యర్వాచీనసమాసము. ఇందు ‘టంగ్’ స్థానమున ‘భాష’ కూర్చుండుటచే, తల్లి నోటిపలుకు అను భావము మఱుగుపడి, తల్లియొక్క గ్రంథభాషయను భావము తోచుచున్నది. ఈ మఱుగు వలన నష్టపోవువాడు బాలుడు.

మండపేట పరిసరములనుండి బడికి వచ్చు బాలుని దలంపుడు. వాడు ‘రేపు వత్తానండి’ యనును. ఉపాధ్యాయుడు ‘నీకు భాష రాదు, వస్తానండి యనవలె’ నని దిద్దును. వానికి భాష రాకపోలేదు. ‘వస్తా’ కు ‘వత్తా’ యన్నట్లే వాడు ‘చేస్తా’ కు ‘చేత్తా’ యనును, ‘చూస్తా’ కు ‘సూత్తా’ యనును, ‘మోస్తా’ కు ‘మోత్తా’ యనును. స్తకారమునకు ద్విత్వతకారము వచ్చుట వానియింట నియతము. ప్రాకృతవ్యాకరణమున ‘హస్త’ శబ్దము ‘హత్థ’ యైనదని చెప్పునపుడు పండితులు దానిని లక్షణమందురు. అచ్చట సకారము పరవర్ణముతో సమీకృతమైనట్లే యిచ్చటను నయినది. గ్రంథమునందు లక్షణమైనది బాలుని నోట దోషమెట్లగును? అంతియకాదు, దిద్దిన యుపాధ్యాయుని ‘వస్తాను’ గ్రాంథికలక్షణమునకు సమ్మతము గాదు. అచ్చట ‘వచ్చెదను’ అని యుండవలెను. వచ్చెదను, వస్తాను, వత్తాను — మొదటిది గ్రంథమునందలి భాష, రెండవది బడిలోని భాష, మూడవది యింటి నుడి. మూడింటికిని దావులు వేఱు. బాలునకు బడిభాష నేర్పుట గురుని విధియే. అది నేర్పని గురువు వానికి ద్రోహము చేసినవాడగును. వ్రాతపరీక్షలో, కచేరిలో, పరసీమలో వాని కది యక్కఱకు వచ్చును. కాని ‘నీకు భాష రాదు’ అనుట వేఱు, ‘నీ యింటినుడి యిది, బడిభాష యిది’ యనుట వేఱు. మొదటిమాట విన్న బాలుడు నోరు మూసికొనును. రెండవమాట విన్నవాడు రెండును నేర్చును.

గోదావరికి ఎగువనున్న మన్యమున నీ చిక్కు మఱింత కఠినము. కోయబాలుని యింటి నుడి తెలుగునకు రూపాంతరము గాదు; వేఱుభాష. ‘మాతృభాషలో బోధన’ యన్న మాటకు రాష్ట్రభాషలో బోధన యని యర్థము చేసికొన్నచో వానికి దెలుగుబడి పరభాషాబడియే. 2004 ప్రాంతమున నాంధ్రదేశమున కోయ, సవర, కువి మొదలగువానియందు వాచకములు రచించి బోధింప మొదలుపెట్టుట యీ భేదమును గుర్తించుటవలననే.

సవరయనగానే గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) జ్ఞప్తికి వచ్చును. ఆయన పర్లాకిమిడిలో నుపాధ్యాయుడై యుండి, లిపిలేని సవరను సవరల నోటనే నేర్చి, దానికి వ్యాకరణము, నిఘంటువు రచించెను. గ్రంథములేనిదానికిని నియమము గలదని యట్లు ప్రత్యక్షముగా దెలిసికొన్నవా డాయన. ఆంధ్రసాహిత్యపరిషత్తు 1911లో చెన్నపురిని వెలసెను; దానికి మూలపురుషుడైన జయంతి రామయ్య పంతులు కోనసీమయందలి ముక్తేశ్వరమున జన్మించినవాడు. 1913లో నొకవైపు ఆయన గ్రాంథికాంధ్రమును సమర్థించుచు, మఱొకవైపు గిడుగువారు వర్తమానాంధ్రమును సమర్థించుచు, ఇరువురు నాంగ్లముననే పుస్తకములు ప్రకటించిరి. 1919లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు అధ్యక్షుడుగా వ్యావహారికభాషా సమాజము వెలసెను. ఆ వాదములలో ‘భాష’ యన్న పదమును జయంతివారి పక్షమువారు వాఙ్మయమున స్థిరపడిన వ్యవస్థయందు వాడిరి. గిడుగువారి పక్షమువారు శిష్టుల నోట జీవించుదానియందు వాడిరి. గిడుగువా రేయింటి నుడినైనను బుస్తకమున కెక్కింపుమనలేదు, శిష్టవ్యావహారికమును గోరిరి. జయంతివారును జనులు గ్రాంథికముననే మాటలాడవలెననలేదు. ఇరువురకు నడుమ నిజమైన భేదము వ్రాతకు దగిన రూపమేది యనునది. అది విచారింపదగిన గంభీరవిషయము. కాని ‘భాష’ యన్న యొక్కపదము రెండు వస్తువులను మోయుటచే గొంతవాదము పేరులపై జరిగినది.

ఇందుకు దెలుగున మందు లేకపోలేదు. ‘నుడి’ యను నచ్చతెనుగుపదము మనకు గలదు. ‘నుడికారము’ న నది నేటికిని సజీవము. కన్నడమునందు ‘తాయ్నుడి’, తమిళమునందు ‘తాయ్‌మొళి’ వ్యవహారముననున్నవి. ‘మదర్ టంగ్’ అనుదానికి దెలుగున ‘తల్లినుడి’ యనుట సహజముగ నొప్పును. ‘మాతృనుడి’ యనరాదు, అది వైరిసమాసము. ‘లాంగ్వేజి’ కి ‘భాష’, ‘స్పీచి’ కి స్వాతంత్ర్యమును జెప్పు చోట ‘వాక్కు’, పలుకువిధమును జెప్పు చోట ‘పలుకు’ అని నియమించుకొన్నచో భ్రాంతి తొలగును. అపుడు జనగణనవాక్యమును ‘భోజపురి కోట్లమందికి దల్లినుడి, పట్టికలో నది హిందీభాషయందు జేర్పబడినది’ యని వ్యాఘాతములేకుండ జెప్పవచ్చును.

సందర్భమే యర్థమును నిర్ణయించునుగదా, రెండుపదములేల యని యొకరనవచ్చును. మాటలాడువా డెదుటనున్నపుడు సందర్భము చాలును. శాసనమునందు, పాఠ్యగ్రంథమునందు, విద్యార్థి సమాధానపత్రముపై వ్రాయు యెఱ్ఱసిరామాటయందు సందర్భము చాలదు. 2020వ సంవత్సరపు జాతీయవిద్యావిధానమున బోధనమాధ్యమమును జెప్పుచు గృహభాష, మాతృభాష, స్థానికభాష, ప్రాంతీయభాష యని యర్థమిచ్చు నాలుగు పేళ్లను గీతలతో గూర్చిరి. నాలుగును నొక్కటియైనచో నాలుగు పేళ్లు వలదు. వేఱైనచో నేదియో నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము తుదకు బడిలోని యుపాధ్యాయునకే మిగిలినది.

కావున పండితులు ముందుగా జేయదగినది స్వల్పము. పత్రములను దిద్దునపుడు ‘భాషాదోషము’ అను నొక్కపేరుతో నన్నిటిని గొట్టివేయక, వ్యాకరణదోషము నొకచో, వ్రాతకు దగని యింటినుడి నొకచో వేఱుచేసి చూపవలెను. మొదటిదానిని గొట్టివేయవలెను. రెండవదాని ప్రక్కన బడిభాషారూపమును వ్రాసిన జాలును.